తాడిపత్రిలో రెండు చేతులు, మైదుకూరులో రెండు ఖాళీ కుర్చీలు

2021 మార్చి 18న కొలువుదీరిన మున్సిపల్ కౌన్సిళ్లకు 2026 మార్చి 17తో ఐదేళ్లు నిండాయి. కడప, అనంతపురం వైపు ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఇప్పుడు ఒకటే లెక్క. కూటమిలో టీడీపీకి ఎన్ని వార్డులు, జనసేనకు ఎన్ని, బీజేపీకి ఎన్ని? చైర్మన్ కుర్చీ ఎవరిది? పోటీ గట్టిగా ఉంటే చెరి రెండున్నరేళ్లు పంచుకుంటారా? వైసీపీ ఎన్ని చోట్ల నిలబడుతుంది?

లెక్కలన్నీ వార్డుల చుట్టూనే తిరుగుతున్నాయి. ఐదేళ్ల కిందట ఇదే సీమలో రెండు ఊళ్లు చూపించింది మాత్రం వేరు. వార్డులు గెలవడం ఒక ఎత్తు, చైర్మన్ ఎన్నిక రోజు కౌన్సిల్ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయన్నది ఇంకో ఎత్తు. ఆ రోజు ఏం జరిగిందో చూడకుండా ఇవాళ్టి పొత్తు బేరాల గురించి ఎంత మాట్లాడుకున్నా పైపైనే ఉంటుంది.

2021 ఎన్నికల కథ చాలామందికి గుర్తే. 2020 మార్చిలో నామినేషన్లు పడ్డాక కరోనా పేరుతో ఆగిపోయి, ఏడాది తర్వాత ఆగినచోటి నుంచే మొదలై, మార్చి 10న పోలింగ్, 14న లెక్కింపు జరిగాయి. పులివెందులలో 33 వార్డులూ పోలింగ్ లేకుండానే వైసీపీకి ఏకగ్రీవమయ్యాయి. కడప కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు 48, అనంతపురంలో 50కి 48, కర్నూలులో 52కు 41 ఆ పార్టీకే వచ్చాయి. ఇలాంటి చోట్ల చైర్మన్, మేయర్ ఎన్నికలు లాంఛనమే. అసలు లెక్క తేలకుండా మిగిలిన ఊళ్లలో రెండింటి సంగతే ఇక్కడ చెప్పుకోవాల్సింది. పెన్నా ఒడ్డున, నాపరాళ్లకు పేరుపడ్డ తాడిపత్రి ఒకటి. కర్నూలు రోడ్డూ ప్రొద్దుటూరు రోడ్డూ కలిసే నాలుగు రోడ్ల కూడలి చుట్టూ పెరిగిన మైదుకూరు రెండోది.

తాడిపత్రిలో 36 వార్డులు. టీడీపీ 18, వైసీపీ 16 గెలిచాయి. సీపీఐకి ఒకటి, ఒక స్వతంత్రుడికి ఒకటి దక్కాయి. పద్దెనిమిది అంటే సరిగ్గా సగం. వార్డుల వరకే చూస్తే టీడీపీ ముందుంది. అయితే కౌన్సిల్‌లో ఓటు వార్డు సభ్యులకే కాదు, ఆ ఊరు ఏ నియోజకవర్గాల్లోకి వస్తుందో అక్కడి ఎమ్మెల్యేకు, ఎంపీకి కూడా ఉంటుంది. దీన్నే ఎక్స్‌అఫీషియో ఓటు అంటారు. అప్పటి ఎమ్మెల్యే కేతిరెడ్డి పెద్దారెడ్డి, అనంతపురం ఎంపీ తలారి రంగయ్య ఇద్దరూ వైసీపీ వాళ్లే. 16కు రెండు కలిస్తే 18. ఇటు పద్దెనిమిది, అటు పద్దెనిమిది. ఎక్స్‌అఫీషియో హోదా కోసం ఎమ్మెల్సీలు పెట్టుకున్న దరఖాస్తులను అధికారులు తోసిపుచ్చారు. దాంతో ఊరి పెత్తనం ఎవరిదన్నది ఆ సీపీఐ కౌన్సిలర్, ఆ స్వతంత్ర కౌన్సిలర్ చేతుల్లోకి వచ్చింది.

ఇద్దరూ టీడీపీ వైపే చేతులెత్తారు. 20 ఓట్లతో జేసీ ప్రభాకర్‌రెడ్డి చైర్మన్ అయ్యారు. రాష్ట్రమంతా ఫ్యాను గాలి వీచిన ఆ ఎన్నికల్లో టీడీపీకి దక్కిన మున్సిపాలిటీగా తాడిపత్రి పేరు మోగింది. గెలిచాక ప్రభాకర్‌రెడ్డి అప్పటి ముఖ్యమంత్రి జగన్‌కు కృతజ్ఞతలు చెప్పడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. అధికార పార్టీ తలచుకుంటే తన కౌన్సిలర్లను లాక్కునేదే, లాక్కోలేదని ఆయన భావం. వైసీపీ కూడా అదే మాట తన గొప్పగా చెప్పుకుంది. చట్టం ఇచ్చిన ఓట్లు వాడుకున్నాం, అంతకు మించి పోలేదన్నది ఆ పార్టీ వాదన.

సరే. అదే రోజు, అదే పార్టీ, అదే చట్టంతో మైదుకూరులో ఏం జరిగిందో చూద్దాం.

మైదుకూరులో 24 వార్డులు. టీడీపీ 12, వైసీపీ 11, జనసేన 1. ఇక్కడా పెద్ద పార్టీ టీడీపీయే, ఇక్కడా సరిగ్గా సగమే. ఎమ్మెల్యే శెట్టిపల్లె రఘురామిరెడ్డి, కడప ఎంపీ వైఎస్ అవినాష్‌రెడ్డి ఎక్స్‌అఫీషియో సభ్యులుగా వస్తే వైసీపీ బలం 13. జనసేన కౌన్సిలర్ టీడీపీతో కలిస్తే అటూ 13. సమానమైతే చీటీలు తీయాల్సిందే. అంటే ఆ ఉదయం హాల్లోకి అడుగుపెట్టేటప్పటికి మైదుకూరు చైర్మన్ ఎవరన్నది ఒక్క చీటీ దూరంలో ఉంది.

ఆ చీటీ దాకా రానే లేదు. టీడీపీ కౌన్సిలర్ ఒకరు సమావేశానికి రాలేదు. జనసేన కౌన్సిలరూ రాలేదు. రెండు కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. టీడీపీ బలం 11కు పడిపోయింది, వైసీపీ అభ్యర్థి మాచనూరు చంద్ర చైర్మన్ అయ్యారు. ఆ ఇద్దరూ ఎందుకు రాలేదన్నదానిపై ఊళ్లో తలా ఒక మాట చెబుతారు. నేను దాని జోలికి పోను. నాకు పట్టింది ఆ 12 వార్డుల జనం సంగతి. ఎండలో వరసలో నిలబడి ఓటేసి, తమ పార్టీ అందరికంటే ఎక్కువ వార్డులు గెలిచిందని విన్న నాలుగో రోజే తమ ఊరి కుర్చీ వేరే వాళ్లదైందని విన్నారు. వాళ్ల ఓటు దొంగతనానికి గురికాలేదు, చెల్లకుండా పోలేదు. లెక్కలో అన్నీ ఉన్నాయి. అయినా ఫలితం తారుమారైంది.

ఇక్కడ మరచిపోకూడని సంగతి ఒకటుంది. 2021లో జనసేన పొత్తు బీజేపీతో. టీడీపీతో పొత్తును పవన్ కల్యాణ్ ప్రకటించింది 2023 సెప్టెంబరులో, రాజమహేంద్రవరం జైలు బయట. కాబట్టి మైదుకూరులో ఆ ఒక్క జనసేన కౌన్సిలర్ టీడీపీకి చెయ్యెత్తాలని ఏ ఒప్పందమూ లేదు. తాడిపత్రిలో సీపీఐతో సర్దుబాటు ఉంది కాబట్టి ఆ చెయ్యి లేచింది. ఒప్పందం ఉన్నచోట కుర్చీ నిలిచింది, లేనిచోట జారిపోయింది. ఒకటీ రెండు వార్డులు గెలిచే చిన్న పార్టీని తేలిగ్గా తీసుకునే పెద్ద పార్టీలు ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చైర్మన్ ఎన్నిక జరిగే తీరు చూసినవాళ్లకు ఇదంతా ఇంకా బాగా తెలుస్తుంది. రహస్య బ్యాలెట్ ఉండదు. ప్రిసైడింగ్ అధికారి పేరు చదువుతారు, సమర్థించేవాళ్లు చేతులెత్తాలి, అధికారి లెక్కబెడతారు, మినిట్స్ పుస్తకంలో రాస్తారు. ఎవరి చెయ్యి లేచిందో, ఎవరిది లేవలేదో హాలంతా చూస్తుంది. అందుకే ఫలితాలు వచ్చిన సాయంత్రమే క్యాంపులు మొదలవుతాయి. గెలిచిన కౌన్సిలర్ ఇంటికి వెళ్లి తన వార్డు జనానికి దండం పెట్టుకునేలోపే బస్సు ఎక్కిస్తారు. నాలుగు రోజుల తర్వాత ఆ బస్సు నేరుగా మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర ఆగుతుంది. ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, అంటే విప్‌ను ధిక్కరిస్తే పదవి పోతుందని చట్టం చెబుతుంది. కానీ ధిక్కరించి వేసిన ఓటు మాత్రం చెల్లుతుంది. సభ్యత్వం రద్దయ్యే నాటికి కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు.

ఎప్పుడూ ఇలాగే లేదు. 2000లో జరిగిన మున్సిపల్ ఎన్నికల దాకా చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. వార్డు కౌన్సిలర్‌కు ఒక ఓటు, చైర్మన్‌కు ఒక ఓటు. కౌన్సిల్‌లో బలం లేని చైర్మన్‌కు తిప్పలు తప్పేవి కావు, బడ్జెట్ సమావేశాలు రచ్చయ్యేవి, అది నిజమే. కానీ ఊరి పెద్ద ఎవరన్నది ఊరే తేల్చేది. 2005 ఎన్నికలతో ఆ రెండో ఓటు పోయింది. చైర్మన్‌ను ఎన్నుకునే హక్కు జనం చేతి నుంచి కౌన్సిల్ హాల్లోకి వెళ్లిన రోజే ఎమ్మెల్యే, ఎంపీల ఓటుకు అంత విలువ వచ్చింది. అంతకు ముందు కూడా వాళ్లు సభ్యులే, కానీ కుర్చీ వాళ్ల చేతిలో లేదు. ఆ తర్వాత రెండు ప్రధాన పార్టీలూ అధికారంలోకి వచ్చాయి, ఏ ఒక్కటీ పాత పద్ధతిని తిరిగి తేలేదు.

2021లోనే ఇంకో మార్పు జరిగింది. అప్పటి ప్రభుత్వం చట్టం సవరించి, మున్సిపాలిటీల్లో రెండో వైస్ చైర్మన్‌ను, కార్పొరేషన్లలో రెండో డిప్యూటీ మేయర్‌ను తెచ్చింది. జూలై 30న ఆ ఎన్నికలూ జరిగాయి. సామాజిక వర్గాలకు చోటు కల్పించడానికేనని అప్పట్లో చెప్పారు. పొత్తు బేరాలకు ఆ సవరణ చేసిన మేలు ఎక్కువ. చైర్మన్, ఇద్దరు వైస్ చైర్మన్లు అంటే ఒక ఊళ్లో పంచడానికి మూడు కుర్చీలు. మూడు పార్టీల కూటమికి ఇంతకంటే సులువైన లెక్క ఉండదు.

2021కీ ఇవాళ్టికీ మధ్య హిందూపురం కథ ఒకటి ఉంది. అప్పటి అనంతపురం జిల్లాలోదే. 2021లో 38 వార్డుల్లో టీడీపీ గెలిచింది ఆరు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, వైసీపీ తరఫున చైర్‌పర్సన్ అయిన ఆమె టీడీపీలోకి వెళ్లి రాజీనామా చేశారు. 2025 ఫిబ్రవరి 3న జరిగిన ఎన్నికలో టీడీపీ అభ్యర్థికి 23 ఓట్లు, వైసీపీకి 14 వచ్చాయి. ఎమ్మెల్యే బాలకృష్ణ, ఎంపీ బీకే పార్థసారథి కూడా ఎక్స్‌అఫీషియో సభ్యులుగా కూటమి వైపు ఉన్నారు. ఊరి అభివృద్ధి కోసం కౌన్సిలర్లు ఇష్టపూర్వకంగానే వచ్చారని టీడీపీ అంది, బెదిరించి లాక్కున్నారని వైసీపీ అంది. నాలుగేళ్లు నిండనిదే అవిశ్వాసం పెట్టకూడదన్న నిబంధన వల్ల చాలా ఊళ్లు 2025 మార్చి దాకా ఆగాయి, ఆ తర్వాత విశాఖ దాకా అదే వరస. ఆరు వార్డుల పార్టీకి కుర్చీ ఎలా వచ్చిందని అడిగినవాళ్లు మైదుకూరు రోజున నోరెత్తలేదు. మైదుకూరు అన్యాయమన్నవాళ్లు హిందూపురం మాట ఎత్తడం లేదు. ఓటు వేసిన హిందూపురం మనిషి, ఓటు వేసిన మైదుకూరు మనిషి ఒకే గాటన ఉన్నారు.

ఇప్పుడు 2021 వార్డు ఫలితాలనే తీసుకుని ఇవాళ్టి ఎక్స్‌అఫీషియో ఓట్లతో మళ్లీ లెక్క వేసి చూడండి. మైదుకూరు ఎమ్మెల్యే ఇప్పుడు టీడీపీ నాయకుడు పుట్టా సుధాకర్ యాదవ్, ఎంపీ మాత్రం అవినాష్‌రెడ్డే. 12కు ఒకటి కలిస్తే 13, 11కు ఒకటి కలిస్తే 12. ఒక్క ఓటరు మనసు మారకపోయినా, జనసేన కుర్చీ ఖాళీగానే ఉన్నా, టీడీపీ సభ్యులంతా వస్తే చైర్మన్ మారిపోతారు. తాడిపత్రిలో ఎమ్మెల్యే జేసీ అస్మిత్‌రెడ్డి, ఎంపీ అంబికా లక్ష్మీనారాయణ, ఇద్దరూ టీడీపీయే. 18కి రెండు కలిస్తే 20, అవతల 16. సీపీఐ, స్వతంత్ర కౌన్సిలర్ల చేతులు లేచినా లేవకపోయినా ఒకటే.

కూటమి బేరాల్లో చిన్న పార్టీల బలహీనత అంతా ఇక్కడే ఉంది. వార్డులు పంచుకునేటప్పుడు రెండిస్తాం, మూడిస్తాం అంటారు. పెద్ద పార్టీకి జేబులో రెండు ఎక్స్‌అఫీషియో ఓట్లు ఉన్న ఊళ్లో ఆ రెండు మూడు వార్డులకు ఫలితాల తర్వాత విలువ ఉండదు. కూటమిలో ఉన్న జనసేన, బీజేపీలకైనా, బయట ఉన్న కమ్యూనిస్టులకైనా ఇదే వర్తిస్తుంది. వైస్ చైర్మన్ కుర్చీ ఎవరికో, ఎక్స్‌అఫీషియో ఓటు ఏ ఊళ్లో నమోదు చేయించుకుంటారో నామినేషన్లకు ముందే రాతపూర్వకంగా తేల్చుకుని జనానికి చెప్పమని ఆ పార్టీలే గట్టిగా అడగాలి. లోపల ఒప్పుకుని బయట చెప్పని మాటకు మార్చి 18 లాంటి ఉదయాన విలువ ఉండదు.

ఎంపీ తన నియోజకవర్గంలో ఎన్ని మున్సిపాలిటీలున్నా ఒక్కచోటే ఓటు వేయగలరు. కడప ఎంపీ పరిధిలో కడప కార్పొరేషన్ కాక ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు, బద్వేలు, ఎర్రగుంట్ల, మైదుకూరు ఉన్నాయి. గత ఎన్నికల్లో ఆ ఓటు పడింది మైదుకూరు హాల్లో, తన పార్టీ ఒక్క వార్డు వెనకబడ్డ ఊళ్లో. ఈసారి అది ఏ ఊరికి పోతుందో వార్డు ఫలితాలు వచ్చాకే తెలుస్తుంది.