గ్రీకు దేవత డ్రెస్సుకి కత్తెరతో పనేంటండీ?

నేను అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. అక్టోబరు 31న ఇక్కడ హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే పండగ. ఆ నెల వచ్చిందంటే చాలు, "హాలోవీన్‌కి మా పాపని అథీనా చెయ్యాలి, మెడూసా చెయ్యాలి, కుట్టిపెడతారా?" అని ఫోన్లు. అథీనా గ్రీకుల దేవత, మెడూసా వాళ్ల కథల్లో జుట్టు బదులు పాములుండే ఆవిడ. మీరే కుట్టుకోవచ్చండీ అంటే నమ్మరు. ఏటా వినే మాటలు ఇవీ.

"గ్రీకు అంటే తెల్లటి టోగాయే కదా?"

కాదు. టోగా రోమన్లది, దాని అంచు ఒకవైపు గుండ్రంగా తిరుగుతుంది. గ్రీకు ఆడవాళ్లవి పెప్లోస్, కిటాన్. రెండూ చీరలా నాలుగు మూలల గుడ్డలే. ఇక తెలుపంటారా, అది పాలరాతి విగ్రహాలు చూసి మనం పడ్డ భ్రమ. వాటికి అప్పట్లో రంగులు వేసేవారు, కాలం గడిచి పోయాయి. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ మ్యూజియంలో 'పెప్లోస్ కోరే' అనే విగ్రహం ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతానిది, రంగు జాడలు ఇప్పటికీ దాని మీద ఉన్నాయి. మనవాళ్లు దేవుడికి పట్టువస్త్రాలు సమర్పించినట్టే, ఏథెన్స్ వాళ్లు పండక్కి అథీనాకి పెప్లోస్ నేసి ఇచ్చేవారు. అది కుంకుమపువ్వు రంగుది! కాబట్టి పసుపు, ఎరుపు నిక్షేపంగా వాడుకోండి.

"ప్యాటర్న్ ఎక్కడ దొరుకుతుంది?"

చీర కట్టే మనమే ఈ మాట అడిగితే ఎలా? పెప్లోస్‌కి కత్తిరింపే లేదు. పిల్లని చేతులు పక్కలకి చాచమని, ఈ మోచేతి నుంచి ఆ మోచేతికి కొలవండి. దానికి రెట్టింపు గుడ్డ అడ్డం కొలత. భుజం నుంచి చీలమండ దాకా కొలిచి 10 అంగుళాలు కలిపితే నిలువు. ఆ 10 అంగుళాలూ పైన బయటికి మడిచి, గుడ్డని రెండు పొరలుగా వేసి, తెరిచి ఉన్న పక్క కుట్టెయ్యండి. గొట్టంలా వస్తుంది. తల పట్టేంత జాగా వదిలి, రెండు భుజాల దగ్గర ముందు వెనకల్ని కలపాలి. గ్రీకులు పిన్నులు గుచ్చేవారు. పిల్లలకి మాత్రం చేత్తో నాలుగు కుట్లు వేసి పైన పెద్ద బొత్తాం పెట్టండి. నడుముకి తాడు కడితే అయిపోయింది.

ఆరేళ్ల పిల్లకి చీర పన్నా నిలువుకి సరిపోతుంది, ఒక అంచు పాదాల దగ్గరా, రెండోది మడత చివరా చక్కగా పడతాయి. కాకపోతే మడత దగ్గర గుడ్డ లోపలివైపు బయటికి కనిపిస్తుంది. ప్రింటెడ్ చీర అక్కడే దొరికిపోతుంది. రెండువైపులా దాదాపు ఒకేలా ఉండే మంగళగిరి నూలు చీరలాంటిది తీసుకుని, గంజి పోయేదాకా ఉతకండి. బిర్రుగా ఉండే బెడ్‌షీటు మాత్రం వద్దు, కుచ్చులు జారవు. పిల్ల డేరాలో నిలబడ్డట్టు ఉంటుంది.

"మెడూసాకి రబ్బరు పాములు అతికిస్తే చాలుగా?"

ఒకసారి నేనూ అలాగే చేశాను. బరువుకి హెయిర్‌బ్యాండు ముందుకి జారి, అరగంటలో పాప పీకి పారేసింది. ఇప్పుడు మిగిలిన బ్లౌజు ముక్కల్ని 2 అంగుళాల పట్టీలుగా తీసి, గొట్టాలుగా కుట్టి, పిన్నీసుతో తిరగేసి, లోపల పైప్ క్లీనర్ (నూగు చుట్టిన సన్నటి వైరు) దూరుస్తాను. వైరు కొసలు ముందే వంచెయ్యండి, గుచ్చుకుంటాయి. ఎనిమిది పాములు చాలు. జిగురు కాదు, దారంతో బ్యాండుకి కుట్టండి.

"దేవత అంటే నేల మీద జీరాడాలి."

వేటకెళ్లే దేవత ఆర్టెమిస్‌ది మోకాళ్ల దాకా ఉండే కిటానే. మెట్లెక్కి దిగే పిల్లలకి అదే మేలు. పైగా గుమ్మాల ముందు గుమ్మడికాయల్లో కొవ్వొత్తులు ఉంటాయి. నూలైనా సింథటిక్ అయినా వేలాడే గుడ్డ అంటుకుంటుంది.

అక్టోబరు 31 రాత్రి మా దగ్గర చలి. లోపల థర్మల్ (ఒంటికి అంటుకునే వెచ్చటి లోదుస్తులు) వేసి, పైన ఇంట్లో ఉన్న శాలువా కప్పండి. ఎడమ భుజం మీద వేసి, వీపు మీదుగా కుడి చంక కిందకి తెచ్చి, మళ్లీ ఎడమ భుజం మీదకే. గ్రీకుల హిమాటియన్ ఇదే. కోటు వద్దని ఏడ్చే పిల్లలు దీనికి ఏడవరు.