గుంట మగ్గం ముందు గుప్పెడు కటకం

పుట్టపాకలో నేను చూసిన ఒక మగ్గం గదికి ఉన్నది ఒకే కిటికీ. బయట మే నెల ఎండ కళ్లు తెరవనివ్వకపోయినా, లోపల గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన చేతుల మీద పడేది ఆ కిటికీలోంచి వచ్చిన పలుచని వెలుగు మాత్రమే. నూనె పట్టించిన నూలుతో చేసే తేలియా రుమాలు నేస్తున్న ఆ చేతులను ఫొటో తీయడానికి కెమెరాతో పాటు వచ్చిన చిన్న జూమ్ లెన్స్‌నే పట్టుకుపోయాను. కంటికి సరిపోయిన వెలుగు ఆ లెన్స్‌కు చాలలేదు. సెకనులో 30వ వంతు సేపు షట్టర్ తెరిస్తే తప్ప బొమ్మ వెలగలేదు, అంతసేపు తెరిస్తే నాడె విసిరే చెయ్యి పొగలా చెదిరిపోయింది. ఫ్లాష్ తీయబోతే పెద్దాయన వారించాడు: “ఫ్లాషు ఒద్దు సారూ. కళ్లు జిగేల్మంటయ్, పోగు కనవడదు.” ఆయన మాటలో న్యాయముంది. ఒక్కొక్క పేక పోగును దాని గుర్తు దగ్గర సరిచేసుకుంటూ నేసే పనిలో కళ్లు ఒక్కసారి చెదిరినా నమూనా తప్పుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు అదే గదికి మరో లెన్స్‌తో వెళ్లాను. జపాన్‌లోని సిగ్మా సంస్థ 2021 అక్టోబరులో ప్రకటించిన 18–50 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్ అది. బరువు సుమారు 290 గ్రాములు, పొడవు ఏడున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఏపీఎస్-సీ అని పిలిచే చిన్న సెన్సర్ (వెలుగును బొమ్మగా పట్టే పలక) ఉన్న మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని, కెమెరాల కోసం చేసినది. అదే వెలుగులో, అదే సున్నితత్వం (ఐఎస్ఓ) దగ్గర, షట్టర్ వేగం సెకనులో 125వ వంతుకు చేరింది, చేతివేళ్లు నిలిచి కనిపించాయి. ఇంత చిన్న గొట్టంలో అంత వెలుగు ఎలా పట్టిందన్నది భౌతికశాస్త్రం చదివినవారికైనా ఒకసారి కూర్చుని లెక్కవేసుకోదగిన ప్రశ్న.

లెన్స్ మీద రాసి ఉండే ఎఫ్ సంఖ్య నిజానికి ఒక భాగహారం. లెన్స్ నాభ్యంతరాన్ని (18–50 మి.మీ. అని చెప్పే కొలత ఇదే), వెలుగు లోపలికి వెళ్లే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. నాభ్యంతరం 50 మి.మీ., సంఖ్య 2.8 అయితే ద్వారం వ్యాసం దాదాపు 18 మి.మీ. ఉండాలి. నా పాత లెన్స్ అదే 50 మి.మీ. దగ్గర ఎఫ్ 5.6 మాత్రమే ఇచ్చేది, అంటే దాని ద్వారం 9 మి.మీ. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది కనుక వెలుగు కూడా నాలుగు రెట్లు పెరుగుతుంది. 30వ వంతు 125వ వంతుగా మారడం వెనుక ఉన్నది ఈ చిన్న లెక్కే. షట్టర్‌ను వేగంగా మూయగలిగే వీలు కలిగిస్తుంది కాబట్టే ఫొటోగ్రాఫర్లు ఇలాంటివాటిని ఫాస్ట్ లెన్స్ అంటారు.

ఇక్కడ ద్వారం అన్నది లోపల రేకులతో తెరుచుకునే రంధ్రం కాదు, ముందు గాజుల గుండా చూసినప్పుడు కనిపించే ఆ రంధ్రపు ప్రతిబింబం. దీన్ని ఎవరైనా తమ కంటితో పరీక్షించవచ్చు. లెన్స్‌ను ఎదురుగా పట్టుకుని, ముందు గాజులోంచి చూస్తూ జూమ్ రింగ్‌ను 18 నుంచి 50 వైపు మెల్లగా తిప్పితే, లోపలి వెలుగు వలయం పెద్దదవుతూ కనిపిస్తుంది. 18 మి.మీ. దగ్గర దాని వ్యాసం ఆరున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, 50 దగ్గర 18. చాలా జూమ్ లెన్సుల్లో రేకులు కదలకున్నా, వాటి ముందున్న గాజుల అమరిక మారడం వల్ల భూతద్దంలో చూసినట్టు ఆ రంధ్రం పెద్దదై కనిపిస్తుంది. నాభ్యంతరం ఎంత పెరిగితే ద్వారం కూడా అదే నిష్పత్తిలో పెరిగేలా అమర్చగలిగితే ఎఫ్ సంఖ్య మొదటి నుంచి చివరి దాకా 2.8 దగ్గరే నిలుస్తుంది. చవక జూమ్‌లలో ద్వారం అంతగా పెరగదు, అందుకే వాటి మీద 3.5–5.6 అని రెండు సంఖ్యలు ఉంటాయి.

జూమ్ అంటే ఏమిటో కూడా ఇంటర్మీడియట్ పుస్తకంలోని సూత్రంతోనే చెప్పుకోవచ్చు. రెండు కటకాలను ఒకే అక్షం మీద ఉంచినప్పుడు వాటి ఉమ్మడి సామర్థ్యం విడి సామర్థ్యాల మీదే కాక, వాటి మధ్య దూరం మీద కూడా ఆధారపడుతుంది. ఆ దూరాన్ని మారిస్తే, గాజు మారకుండానే నాభ్యంతరం మారుతుంది. జూమ్ రింగ్ తిప్పినప్పుడు లోపల జరిగేది అదే: గాజు సముదాయాలు చెక్కిన గాడుల వెంట ముందుకూ వెనక్కూ జరుగుతాయి, ఒకదాని కదలిక నాభ్యంతరాన్ని మారిస్తే మరొకదాని కదలిక బొమ్మను మళ్లీ సెన్సర్ మీదికి తెస్తుంది. స్టిల్ కెమెరాలకు ఈ సౌకర్యాన్ని మొదట తెచ్చినది 1959లో వచ్చిన ఫోక్ట్‌లాండర్ జూమార్, 36–82 మి.మీ. లెన్స్. దాని ఎఫ్ సంఖ్య కూడా 2.8 కావడం నాకు చాలా ఇష్టమైన విషయం. మనం చెప్పుకుంటున్న లెన్స్‌లో ఉన్నవి 10 సముదాయాలుగా అమర్చిన 13 గాజులు.

ఇక పరిమాణం సంగతి. ఏపీఎస్-సీ సెన్సర్ కొలతలు సుమారు 23.5 × 15.6 మి.మీ., పాత ఫిల్మ్ చట్రమంత ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌వి 36 × 24. చిన్న సెన్సర్ దృశ్యంలో మధ్య భాగాన్నే చూస్తుంది కనుక, 18–50 మి.మీ. లెన్స్ దాని మీద ఫుల్ ఫ్రేమ్‌లోని 27–75 మి.మీ. చూపించేంత దృశ్యాన్ని చూపిస్తుంది. అదే దృశ్యాన్ని అదే ఎఫ్ 2.8తో పెద్ద సెన్సర్ మీద చూపాలంటే 75 మి.మీ. దగ్గర దాదాపు 27 మి.మీ. ద్వారం కావాలి, సెన్సర్ మీద మరింత వెడల్పైన వెలుగు వలయాన్ని నింపాలి, గాజుకు పొడవు, వెడల్పు, మందం మూడూ పెరగాలి. ఘనపరిమాణంతో పాటే బరువూ పెరుగుతుంది. ఫుల్ ఫ్రేమ్ కోసం 2022లో వచ్చిన సోనీ 24–70 ఎఫ్ 2.8 రెండో తరం లెన్స్, వచ్చినప్పుడు ఆ తరగతిలో తేలికైనదని పేరు పొందినది, 695 గ్రాములుంటుంది.

అయితే చిన్న సెన్సర్ ఒక్కటే కారణమైతే ఇలాంటి లెన్స్ ఇరవై ఏళ్ల కిందటే రావాలి. అప్పుడూ ఈ సెన్సర్లకు ఈ తరహా లెన్సులు వచ్చాయి. నికాన్ వారి 17–55 ఎఫ్ 2.8 బరువు 755 గ్రాములు, కానన్ 2006లో తెచ్చిన 17–55 ఎఫ్ 2.8 బరువు 645. మూడింటి జూమ్ పరిధి, సెన్సర్ ఇంచుమించు ఒకటే అయినా బరువు మాత్రం సగానికి తక్కువైంది. ఆ తేడాకు ఉన్న అన్ని కారణాల్లో నాకు ముఖ్యంగా తోచేది, కెమెరాలోంచి అద్దం తొలగిపోవడం.

పాత ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య, దృశ్యాన్ని మన కంటివైపు మళ్లించే అద్దం ఉండేది. అది పైకి లేవడానికి చోటు వదలాలి కాబట్టి నికాన్ కెమెరాల్లో లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ 46.5 మి.మీ. వెనక ఉండేది. 18 మి.మీ. నాభ్యంతరమున్న సాదా కటకం దూరపు దృశ్యాన్ని తన వెనక 18 మి.మీ. దగ్గరే ఏర్పరుస్తుంది, అంటే అద్దం తిరిగే చోట్లోనే. బొమ్మను అంతకంటే వెనక్కి నెట్టాలంటే ముందు ఒక పెద్ద వికేంద్రీకరణ సముదాయాన్ని పెట్టి కిరణాలను మొదట విప్పి, తర్వాత కూడగట్టాలి. ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ సంస్థ 1950లో రెట్రోఫోకస్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఉపాయం ఇదే. ఉపాయం గొప్పదే, కానీ దానికి చెల్లించే ధర పెద్ద ముందు గాజు, పొడవైన గొట్టం, సరిదిద్దవలసిన మరిన్ని దోషాలు. అద్దం లేని కెమెరాల్లో ఆ అంచు సెన్సర్‌కు చాలా దగ్గరకు వచ్చింది: సోనీ ఈ-మౌంట్‌లో 18 మి.మీ., ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌లో 17.7. చివరి గాజును సెన్సర్ సమీపానికి తేవచ్చు, ముందు గాజు చిన్నదవుతుంది. ఆ నికాన్, కానన్ లెన్సులు రెండింటికీ ముందు 77 మి.మీ. ఫిల్టర్ కావాలి, దీనికి 55 మి.మీ. చాలు.

మిగతా పొదుపు ఎక్కడిదో తెలుసుకోవాలంటే నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లుకు వెళ్లడం మేలు. కందూరు చోడుల కాలం నాటి పచ్చల సోమేశ్వరాలయంలో వరుసగా నిలిచిన రాతి స్తంభాలను ఈ లెన్స్‌తో 18 మి.మీ. దగ్గర తీసి, కెమెరా దిద్దుబాటు ఏదీ లేని ముడి ఫైలును తెరిచి చూస్తే, అంచున ఉన్న స్తంభాలు పీపా పక్కలలా బయటికి ఉబ్బి కనిపిస్తాయి. రూపకర్తలు ఈ వంపును గాజుతో పూర్తిగా సరిచేయలేదు. సరిచేసే పనిని కెమెరాలోని గణనకు వదిలారు. లెన్స్ తన వంపు వివరాలను కెమెరాకు తెలియజేస్తే, కెమెరా ప్రతి బిందువునూ దాని అసలు చోటికి జరిపి స్తంభాలను నిటారుగా నిలబెడుతుంది. దీన్ని కొందరు మోసంగా చూస్తారు, నేను అలా చూడను. వంపు అన్నది బిందువు చోటు తప్పడమే తప్ప మసకబారడం కాదు, చోటు తప్పిన దాన్ని గణితంతో వెనక్కి తేవచ్చు. మూలలను సాగదీసినప్పుడు అక్కడ కొంత సూక్ష్మ వివరం పోతుందన్నది నిజమే. కానీ గణన పూర్తిగా తీర్చలేని దోషాలైన గోళీయ దోషాన్ని (అంచు కిరణాలు మధ్య కిరణాలతో ఒకే చోట కలవకపోవడం), వర్ణదోషాన్ని (రంగులు వేర్వేరు చోట్ల కలవడం) తగ్గించడానికి గోళాకారం కాని ఉపరితలాలున్న గాజులనూ, విక్షేపణం తక్కువైన, అంటే రంగులను తక్కువగా విడదీసే, గాజునూ ఖర్చు చేసి, గణన తీర్చగల దోషాన్ని దానికే వదలడం తెలివైన పంపకం.

అదే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో మరో సంగతి తేలుతుంది. అక్కడ గర్భగుడి గోడ మీద పగటిపూట నిలిచే స్తంభపు నీడకు అంచులు మెత్తగా ఉంటాయి. ఆ మసక వెలుగులో సున్నితత్వాన్ని, అంటే ఐఎస్ఓను, పెంచుకుంటూ పోతే బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చి ఆ మెత్తదనాన్నే తినేస్తాయి. ఎఫ్ 2.8 ఇక్కడ 5.6 కంటే ఎంతో మేలు. అయినా ఒక నిజాన్ని దాచకూడదు. ఎఫ్ 2.8 ఏ సెన్సర్ మీదైనా చదరపు మిల్లీమీటరుకు ఒకే వెలుగునిస్తుంది, కానీ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దీనికి దాదాపు 2.4 రెట్లు, అంటే మొత్తం మీద అది కూడగట్టే వెలుగూ అన్ని రెట్లే. ఆ చుక్కల విషయంలో పెద్ద సెన్సర్‌ది పైచేయిగానే ఉంటుంది.

స్పష్టత నిలిచే లోతు విషయంలో తీర్పు అటూ ఇటూ అవుతుంది. రెండు మీటర్ల దూరంలో 50 మి.మీ., ఎఫ్ 2.8 దగ్గర ఈ చిన్న సెన్సర్ మీద స్పష్టంగా కనిపించే లోతు సుమారు 18 సెంటీమీటర్లు. అదే దృశ్యాన్ని ఫుల్ ఫ్రేమ్ మీద 75 మి.మీ., ఎఫ్ 2.8తో తీస్తే సుమారు 12. వెనకంతా మసకబారిన ముఖచిత్రాలు కోరేవారికి ఇది లోటు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి, చెరువు కట్ట మీద వీధిదీపం వెలుగులో, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడబిడ్డల వరుసను తీసేవాడికి ఆ ఆరు సెంటీమీటర్లు వరం: తంగేడు పూల వరుసా, దాని వెనక వంగిన ముఖమూ రెండూ నిలిచే అవకాశం పెరుగుతుంది.

ఈ లెన్స్‌లో చేతి వణుకును సరిదిద్దే యంత్రాంగం లేదు. బరువు తగ్గడానికి అదీ ఒక కారణమే. అది ఉన్న టామ్రాన్ 17–70 ఎఫ్ 2.8, పరిధి కూడా ఎక్కువే అయినా, 525 గ్రాములుంటుంది. వణుకును కెమెరాయే సరిదిద్దగలిగితే ఈ లోటు కనిపించదు, లేకపోతే గుడిలో గోడకు భుజం ఆనించి తీయవలసి వస్తుంది. అయితే వణుకు నివారణ ఆపేది ఫొటోగ్రాఫర్ చేతిని, నేతకారుని చేతిని కాదు. మగ్గం ముందు పనికొచ్చేది వెలుగే.

పరిధి కూడా కొంచెమే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద నిలబడి 18 మి.మీ. దగ్గర చూస్తే, మూలకు మూల సుమారు 76 డిగ్రీల దృశ్యం కనిపించినా ఆ ఊడల వ్యాప్తిలో ఒక ముక్కే చట్రంలో పడుతుంది. అటు 50 మి.మీ. చివర చెట్టు మీది పిట్టను దగ్గరకు తేలేదు. పరిధిని మూడు రెట్లకు మించనివ్వకపోవడం వల్లే ఎఫ్ 2.8 ఇంత చిన్న గొట్టంలో ఇమిడింది. 2022లో ఫ్యూజీఫిల్మ్‌కు, 2024లో కానన్ ఆర్ఎఫ్‌కు కూడా ఇదే అమరిక వచ్చింది. కానన్ సెన్సర్ ఇంకాస్త చిన్నది కనుక దాని మీద దృశ్యం మరికొంత ఇరుకవుతుంది.

మగ్గం గదిలో నూలు దుమ్ము గాలిలో తేలుతూనే ఉంటుంది. జూమ్ చేసినప్పుడు ఈ గొట్టం ముందుకు సాగుతుంది, బిగింపు అంచు దగ్గర మాత్రమే దుమ్ము చొరకుండా రబ్బరు కట్టు ఉంది. అందుకే పని అయ్యాక బ్రష్‌తో గొట్టాన్ని తుడిచిన తర్వాతే దాన్ని వెనక్కి ముడుస్తాను.

రుమాలు పూర్తయ్యాక పెద్దాయన దాన్ని కిటికీ దగ్గర పరిచి, ముడులు కట్టి రంగులద్దిన చోట పోగులు ఎలా కలిశాయో చూడమన్నాడు. 18 మి.మీ. దగ్గర ఈ లెన్స్ సెన్సర్ నుంచి 12.1 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా చూపగలదు, అప్పుడు చట్రం వెడల్పులో పట్టేది ఆరున్నర సెంటీమీటర్ల గుడ్డ. ఎరుపు, నలుపు కలిసే అంచులో ఒక్కొక్క పోగు ఎంతవరకు రంగు పీల్చిందో కనిపించింది. కానీ ముందు గాజుకూ గుడ్డకూ మధ్య మిగిలేది మూడు సెంటీమీటర్లకు లోపే కనుక లెన్స్ నీడ గుడ్డ మీదే పడింది. జూమ్‌ను 50 వైపు తిప్పి కొంత వెనక్కి జరిగాను. బొమ్మలో గుడ్డ కొంచెం చిన్నదైంది, కిటికీ వెలుగు మళ్లీ దాని మీద పడింది.