పప్పు గరిటె, అడ్డం పెట్టిన చెయ్యి

చిప్పు తయారై బోర్డు మీద కూర్చున్నాక లోపల ఏం జరుగుతోందో ఇంజనీర్లకు ఎలా తెలుస్తుందని ఒక పాఠకుడు అడిగారు. మల్టీమీటరు ముల్లు పెట్టి చూడటం కుదరదు. నేటి చిప్పుల్లో అతి సన్నని తీగలు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు. అందుకే ఆ తీగలను గమనించే సర్క్యూటును, అంటే కాపలావాడిని, కూడా చిప్పులోనే కట్టేస్తారు.

ప్రాసెసరు, కెమెరా, తెర, మెమరీ వంటి భాగాల మధ్య డేటా మోసే తీగల అల్లికను ఇంటర్‌కనెక్ట్ అంటారు. ఇందులో డేటా ఎలా చేతులు మారాలో చెప్పే ఒప్పందాల్లో బాగా వాడుకలో ఉన్నది ఏఎక్స్‌ఐ. ఆర్మ్ సంస్థ దీన్ని 2003లో తెచ్చింది. చదవడానికి రెండు దారులు, రాయడానికి మూడు. ప్రతి దారిలోనూ వ్యాలిడ్, రెడీ అని రెండు తీగలుంటాయి. నాకు మోజంతా ఈ రెండింటి మీదే.

పెళ్లి భోజనాల బంతిని తలచుకోండి. వడ్డించేవాడు పప్పు గరిటెతో విస్తరి మీదికి వంగాడు. అది వ్యాలిడ్. తినేవాడు అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. అది రెడీ. చిప్పులో పనులన్నిటికీ లయ పెట్టే క్లాక్ కొట్టే క్షణానికి రెండూ కుదిరితేనే పప్పు పడుతుంది. చెయ్యి తీయకపోతే వడ్డించేవాడు అలాగే వంగి నిలబడాలి. గరిటె వెనక్కి తీసుకోకూడదు, ఈలోగా పప్పు మార్చి పులుసు పట్టుకోకూడదు. అసలు కిటుకు ఇంకొకటి. తినేవాడు గరిటె చూశాకే చెయ్యి తీస్తానని భీష్మించవచ్చు. వడ్డించేవాడు మాత్రం చెయ్యి తీస్తేనే గరిటె చూపిస్తాననకూడదు. ఇద్దరికీ పంతముంటే ఆ బంతి ఎన్నటికీ లేవదు. మా తరగతిలో దీన్ని రెండు గీతల బొమ్మగా వేయించి అయిదు మార్కులకు వస్తుందన్నారు. పంతం సంగతి ఎవరూ చెప్పలేదు.

కాపలావాడి మొదటి పని లెక్కపెట్టడం. గరిటె ఉండి చెయ్యి అడ్డంగా ఉన్న క్లాకులు ఎన్ని? అవి ఎక్కువైతే తినేవాడు నెమ్మది. చెయ్యి తీసి ఉన్నా గరిటె రాని క్లాకులు ఎన్ని? అవి ఎక్కువైతే ఆలస్యం వంటశాలలో ఉంది. 100 మెగాహెర్ట్జ్ క్లాకు, అంటే సెకనుకు 10 కోట్ల క్లాకులు, 64 బిట్ల దారి అనుకుందాం. క్లాకుకు 8 బైట్ల చొప్పున సెకనుకు 80 కోట్ల బైట్లు వెళ్లాలి. రెండూ కుదిరిన క్లాకులు 2.5 కోట్లే అని తేలితే వెళ్లినవి 20 కోట్ల బైట్లే. మిగిలిన మూడు వంతుల కాలం ఎవరి ఖాతాలో పడిందో పై రెండు లెక్కలే చెబుతాయి.

అయితే లెక్కలు జబ్బు ఉందని చెబుతాయి కానీ అది ఏ క్షణాన మొదలైందో చెప్పవు. దానికి తీగల స్థితిని క్లాకు క్లాకుకూ రాసిపెట్టాలి. చిప్పులో అందుకు దొరికే మెమరీ పిసరంత. 1024 నమూనాలంటే 10.24 మైక్రోసెకన్లు. రెప్పపాటు పదో వంతు సెకను అనుకున్నా అందులో కోటి క్లాకులుంటాయి! అందుకని గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ పాతదాని మీద కొత్తది రాస్తూ పోతారు. 'వ్యాలిడ్ లేచి వంద క్లాకులైనా రెడీ రాలేదు' వంటి షరతు తగలగానే ఇంకో సగం మాత్రం రాసి ఆపేస్తారు. అలా గొడవకు ముందరి సగం, తరువాతి సగం రెండూ చేతికొస్తాయి. తరువాత జేటాగ్ అనే సన్నని దారిలో తీరిగ్గా బయటికి లాగుతారు.

ఎఫ్‌పీజీఏలో, అంటే తయారయ్యాక కూడా లోపలి సర్క్యూటును మార్చుకోగల చిప్పులో, ఈ కాపలావాడిని చేర్చగానే ఒక్కోసారి తప్పు మాయమవుతుంది. కొందరు దాన్ని దిష్టిబొమ్మలా అలాగే వదిలేస్తారు. జరిగిందేమిటంటే, కొత్త సర్క్యూటుకు చోటివ్వడంలో పాత తీగల దారులు మారి, సమయం చాలని సంకేతం ఈసారి వేళకు చేరింది. మరోసారి కంపైల్ చేసి ఆ దారులు మళ్లీ మారితే దెయ్యం తిరిగి రావచ్చు.

ఒక మిత్రుడి బోర్డు రోజుకోసారి బిగుసుకుపోయేది. రీసెట్ నొక్కితే లేచేది. చివరికి షరతు పెట్టి పట్టుకున్నాడు. రాయడానికున్న మూడు దారుల్లో చిరునామా దారి వ్యాలిడ్ గీత తెర మీద పైన (అంటే గరిటె చూపిస్తూ) నిలిచిపోయింది, దాని రెడీ కింద, డేటా దారి వ్యాలిడ్ కూడా కిందే. మెమరీలోకి డేటా రాసే భాగం చిరునామా అందాకే డేటా చూపిస్తానంటోంది. మెమరీ వైపు భాగం రెండూ చూశాకే చెయ్యి తీస్తానంటోంది. ఒప్పందం ప్రకారం రెండోదానికి ఆ హక్కుంది. మొదటిదాన్ని రాసింది మా మిత్రుడే.