సాంచాల చప్పుడు, చెవిలోని రోమకణాలు

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్డులో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరి చెవి దగ్గర మరొకరు గట్టిగా అరవాల్సిందే. షటిల్ మగ్గాలు వరుసగా ఆడేచోట శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలు. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసిన కార్మికుడు ఇంట్లో భార్యతో "నువ్వు మాట్లాడేది ఇనబడుతున్నది గని సమజైతలేదు" అంటే పరధ్యానం అనుకుంటారు. నిజానికి ఆయన తన చెవిలో జరిగినదాన్ని ఎంతో కచ్చితంగా చెబుతున్నాడు.

చెవిదొప్ప పోగుచేసిన శబ్ద తరంగాలు సుమారు 2.5 సెంటీమీటర్ల నాళం గుండా వెళ్లి కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలికను కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు ద్రవంతో నిండిన లోపలి చెవికి అందిస్తాయి. గాలిలోని శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. అందుకే కర్ణభేరి మీద పడిన బలాన్ని ఈ ఎముకలు అంకవన్నె అడుగునున్న అతి చిన్న పలక మీదికి చేర్చి, ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచుతాయి. శరీరంలోకెల్లా చిన్నదైన ఎముక ఇంత పని చేయడం నిజంగా అబ్బురమే.

అసలు వినికిడి నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలో ఉంది. అందులోని పొరపై సుమారు 15,000 రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. కీచు శబ్దాలకు ఆ పొర మొదట్లో, మంద్ర శబ్దాలకు చివర్లో ఎక్కువగా కదులుతుంది. ఈ కదలికను పరిశోధించిన గియోర్గ్ వాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది. కణం పైనున్న సన్నని రోమాలు వంగినప్పుడు పుట్టే సంకేతమే నాడి ద్వారా మెదడుకు చేరుతుంది.

విడవని చప్పుడు దెబ్బతీసేది ఈ కణాలనే, అదీ ముందుగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లోని కీచు శబ్దాలను పట్టేవాటిని. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాల్లో (మంద్ర శబ్దాల్లో), స, శ, త వంటి హల్లుల గుర్తులు ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటాయి కనుక మాట చెవిన పడుతుంది గాని అన్నది 'పాలు' అనో 'తాలు' అనో తేలదు. పక్షుల్లో రోమకణాలు మళ్లీ పుడతాయి. మనిషిలో పోయిన కణం పోయినట్టే. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుందే తప్ప ఆ కణాన్ని తిరిగి తేలేదు.

రోజుకు 8 గంటలు వినదగిన హద్దు 85 డెసిబెల్స్ అని, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని నిపుణుల లెక్క. ఆ ప్రకారం 91 డెసిబెల్స్ దగ్గర రెండు గంటలే మిగులుతాయి. సాంచాల షిఫ్టు సాధారణంగా 12 గంటలు. చెవిలో దూది పెట్టుకుంటే ఆగే శబ్దం చాలా తక్కువ. నురుగు (ఫోమ్) ప్లగ్గులు బాగా పనిచేస్తాయి, వాటిని యజమానులే ఇవ్వాలి. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, నాళంలోకి దూర్చి, అది ఉబ్బి బిగుసుకునేదాకా వేలితో పట్టుకోవాలి.