బ్రిటన్ ముస్లింలపై సర్వేలు: ఏ వీధిలో అడిగారు?

ఐసీఎం అనే సర్వే సంస్థ బ్రిటన్ ముస్లింలను పలకరించి చేసిన రెండు సర్వేలు 2016లో బయటికొచ్చాయి. ఛానల్ 4 టీవీ కోసం 1,081 మందిని అడిగితే, స్వలింగ సంపర్కం చట్టబద్ధంగా ఉండకూడదని 52 శాతం మంది అన్నారు. పాలసీ ఎక్స్చేంజ్ అనే థింక్‌ట్యాంక్ కోసం 3,000 మందికి పైగా అడిగితే, బ్రిటన్‌తో తమకు గట్టి అనుబంధం ఉందని 93 శాతం మంది చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనొచ్చు, అందులో వింతేం లేదు. కానీ పేపర్లకెక్కిన గోల మాత్రం మొదటిదే. పైగా అది ముస్లింలు 20 శాతానికి మించి ఉన్న పేటల్లో మాత్రమే తిరిగి చేసిన సర్వే. అలాంటి పేటలకు దూరంగా, తెల్లవాళ్ళ మధ్య ఇల్లు కొనుక్కున్న ముస్లిం డాక్టరు తలుపు ఎవరూ తట్టలేదు.

అసలు ముస్లింలని విడిగా లెక్కపెట్టడం అక్కడ పాత అలవాటేం కాదు. 1980ల దాకా వాళ్ళు 'ఏషియన్లు'. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం చైనావాళ్ళో జపాన్‌వాళ్ళో కాదు, మన ఉపఖండం వాళ్ళు. పాకిస్తాన్ చేతిలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి వచ్చిన మిల్లు కార్మికుడు, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన హోటల్ వంటవాడు, హైదరాబాదీ డాక్టరు అందరూ ఆ ఒక్క గంపలోనే. 1968లో పుట్టిన రన్నీమీడ్ ట్రస్ట్ అనే థింక్‌ట్యాంక్ చేసిన పరిశోధన కూడా జాతి వివక్ష మీదే.

1989 జనవరిలో ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ముస్లింలు సల్మాన్ రష్దీ నవల 'సెటానిక్ వెర్సెస్'ను తగలబెట్టారు. మరుసటి నెల రష్దీని చంపమంటూ ఇరాన్ మతనేత ఖొమేనీ ఫత్వా వచ్చింది. నిన్నటిదాకా 'పాకీ' (పాకిస్తానీ అన్న మాటను తిట్టుగా కుదించింది) అని తిట్లు తిన్న కుర్రాడు ఆ తర్వాత 'ముస్లిం' అయ్యాడు. రన్నీమీడ్ వేసిన కమిషన్ 1997లో ఇచ్చిన నివేదికతో 'ఇస్లామోఫోబియా' (ముస్లింలంటే భయం, ద్వేషం) అనే మాట బ్రిటన్ రాజకీయాల్లో పాతుకుపోయింది. సమాజం ముస్లింల పట్ల ఎలా ఉంది అన్నది అప్పటి ప్రశ్న.

మరి ఎంతమంది ఉన్నారు? ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో మతం కాలమ్ 2001లోనే వచ్చింది. అది కావాలని పట్టుబట్టినవాళ్ళలో ముస్లిం కౌన్సిల్ ఆఫ్ బ్రిటన్ కూడా ఉంది. (అదే కాలమ్‌లో 3.9 లక్షల మంది సరదాకి తమ మతం 'జెడై' (స్టార్ వార్స్ సినిమాల్లోని యోధులు) అని రాసిపారేశారు.) ముస్లింలు 15.5 లక్షలు, అంటే 3 శాతమని తేలింది. 2021 నాటికి 39 లక్షలు, 6.5 శాతం.

ఆ 2001లోనే ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్‌లలో ఏషియన్లకీ తెల్లవాళ్ళకీ మధ్య అల్లర్లు, ఆపైన న్యూయార్క్ దాడులు. 2005 జులై 7న లండన్ బాంబులకు 52 మంది బలయ్యారు. ప్రశ్న తిరగబడింది: ముస్లింలు మన పట్ల ఎలా ఉన్నారు? జనం తీవ్రవాదం వైపు పోకుండా ఆపే ప్రభుత్వ పథకం 'ప్రివెంట్' కింద డబ్బు పారింది. ఇస్లామిక్ రాజ్యం కావాలనే హిజ్బుత్ తహ్రీర్ సంస్థ నుంచి బయటికొచ్చినవాళ్ళు 2008లో తీవ్రవాదాన్ని ఎదిరించే క్విల్లియమ్ ఫౌండేషన్ ప్రారంభించారు. 1889లో లివర్‌పూల్‌లో మసీదు తెరిచిన ఆంగ్లేయుడు అబ్దుల్లా క్విల్లియమ్ పేరది. ప్రభుత్వం దానికి లక్షల పౌండ్లు ఇచ్చింది. సర్కారు సొమ్ముతో మా మీదే నిఘా అని ముస్లిం సంఘాలు గొణిగాయి. 2021లో అది మూతపడింది.

ఇన్ని నివేదికల్లో నాకు మర్చిపోలేనిది 2007 నాటి రసీదుల గొడవ. సుమారు 100 మసీదులకు మనుషుల్ని పంపితే, పాతిక చోట్ల తీవ్రవాద పుస్తకాలు దొరికాయని పాలసీ ఎక్స్చేంజ్ ప్రకటించింది. ఆ పుస్తకాలు కొన్నట్టు రుజువుగా రసీదులను బీబీసీ వార్తా కార్యక్రమం న్యూస్‌నైట్ చేతికిచ్చింది. వాళ్ళు వాటిని నిపుణుడికి చూపించారు. ఒకటి మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినట్టుంది. ఎక్కడెక్కడో ఉన్న రెండు మసీదుల రసీదుల్లో ఒకదాని మీద ఇంకోదాన్ని పెట్టి రాసినప్పుడు పడిన పెన్ను నొక్కులు కనిపించాయి. సంస్థ తన పరిశోధకులనే వెనకేసుకొచ్చింది. తర్వాత ఆ నివేదిక దాని వెబ్‌సైట్ నుంచి మాయమైంది. కొన్ని రసీదులు దొంగవైనంత మాత్రాన ఏ మసీదులోనూ అలాంటి పుస్తకం లేదని కాదు. కానీ రసీదు చూపించి నమ్మమన్నవాళ్ళు రసీదు దగ్గరే దొరికిపోయారు.

2016 నాటి ఛానల్ 4 కార్యక్రమాన్ని నడిపించింది ట్రెవర్ ఫిలిప్స్. 1997 నివేదిక నాడు రన్నీమీడ్ అధ్యక్షుడు ఆయనే! అప్పట్లో తమ అంచనా తప్పిందని 2016లో తనే చెప్పుకున్నారు. రన్నీమీడ్ మాత్రం 2017లో పాత మాట మీదే నిలబడి, ఇస్లామోఫోబియా అంటే ముస్లింల మీద చూపే జాతివివక్షేనని రాసింది. 2018లో ఎంపీల బృందం ఇంచుమించు అదే నిర్వచనాన్ని ప్రతిపాదిస్తే, 2019లో కన్సర్వేటివ్ ప్రభుత్వం తోసిపుచ్చింది, లేబర్ పార్టీ తనకు తానుగా ఒప్పుకుంది. అదే లేబర్ గద్దెనెక్కాక, 2025లో కొత్త నిర్వచనం కోసం మళ్ళీ ఒక బృందాన్ని వేసింది. దానికి అధ్యక్షుడిగా పెట్టింది మాజీ కన్సర్వేటివ్ ఎంపీ డొమినిక్ గ్రీవ్‌ను.