మియికే సినిమాల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఎందుకంత గొడవ

జపాన్ డైరెక్టర్ తకాషి మియికే సినిమాల్లో ఫేవరెట్ ఏదని అడిగితే ఒకరు ‘ఆడిషన్’ అంటారు, ఇంకొకరు ‘13 అసాసిన్స్’ అంటారు, మరొకరేమో అసలు ఈయన సినిమా జన్మలో చూడను అని తేల్చేస్తారు. ఎవరి టేస్టు వాళ్లది అని వదిలేస్తాం గానీ, ఈ గొడవ ఆయన సినిమాల్లోకి వచ్చిన దారిలోనే ఉందని నాకనిపిస్తుంది.

1960లో ఒసాకా పక్కన యావోలో పుట్టాడు. డైరెక్టర్ షోహెయి ఇమామురా పెట్టిన ఫిల్మ్ స్కూల్లో చదివాడు, టీవీలో అసిస్టెంటుగా చాలా ఏళ్లు నలిగాడు, ఇమామురా దగ్గర కూడా పనిచేశాడు. ఇంతలో 1989లో తోయెయి సినిమా కంపెనీ ‘వి సినిమా’ మొదలుపెట్టింది, అంటే థియేటర్‌తో పని లేకుండా నేరుగా వీడియో షాపుల కోసం తీసే సినిమాలన్నమాట. బడ్జెట్ తక్కువ, టైమ్ తక్కువ, కానీ యాకుజాలూ, అంటే జపాన్ గ్యాంగ్‌స్టర్లూ, తుపాకులూ ఉంటే చాలు, మిగతాది డైరెక్టర్ ఇష్టం. మియికే 1991లో అలాంటి వీడియో సినిమాలతోనే డైరెక్టర్ అయ్యాడు, వచ్చిన పనల్లా ఒప్పుకుంటూ పోయాడు, 2017లో వచ్చిన ‘బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్’ని వందో సినిమా అని పబ్లిసిటీ చేసుకునేదాకా వెళ్లింది లెక్క.

బయటి దేశాలకి ఆయన గట్టిగా తెలిసింది మాత్రం 2000లో, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ‘ఆడిషన్’ వేశాక. సగం సినిమా భార్య పోయిన ఒక పెద్దాయన మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకునే కథలా మెల్లగా నడుస్తుంది, తర్వాత ఖాళీ గదిలో ఆయన ఎంచుకున్న అమ్మాయి ఫోన్ పక్కన తలొంచుకుని కూర్చుని ఉంటుంది, ఫోన్ మోగగానే వెనకున్న గోనెసంచి ఒక్కసారి ఎగిరిపడుతుంది. అంతే, అక్కడినుంచి సినిమా వేరు. మరుసటేడు ‘ఇచి ది కిల్లర్’కి టొరంటో ఫెస్టివల్‌లో వాంతి కవర్లు పంచారు, బ్రిటన్ సెన్సార్ మూడు నిమిషాలకి పైగా కోసేసింది. ఆ సినిమాలో ఆడవాళ్ల మీద చూపించిన హింసని తిట్టేవాళ్లతో నాకు పేచీ లేదు, ఆ సీన్లు నేనూ సమర్థించను. కానీ అదే 2001లో ఈయనే ‘హ్యాపినెస్ ఆఫ్ ది కటకురీస్’ అని పాటలూ డాన్సులూ మట్టిబొమ్మల యానిమేషన్‌తో ఒక ఫ్యామిలీ కథ తీశాడు, 2005లో పిల్లల కోసం దెయ్యాల సినిమా, 2010లో వెనిస్ ఫెస్టివల్ పోటీకి వెళ్లిన సమురాయ్ సినిమా ‘13 అసాసిన్స్’. డీవీడీలు అమ్మినవాళ్లకి మాత్రం రక్తమే బాగా అమ్ముడుపోయింది, ఆ ముద్రే ఆయన మీద పడింది.

నా ఓటు 1998లో వచ్చిన ‘ది బర్డ్ పీపుల్ ఇన్ చైనా’కి. జేడ్ రాళ్ల కోసం ఒక కంపెనీ ఉద్యోగి, అప్పు వసూలుకి వాడి వెంటపడ్డ ఒక యాకుజా చైనాలోని యున్నాన్ కొండల్లోకి వెళ్తారు, తాబేళ్లు లాగే తెప్ప మీద నదిలో వెళ్తారు, ఆ ఊళ్లో ఒక అమ్మాయి పిల్లలకి రెక్కలు కట్టి ఎగరడం నేర్పిస్తుంటుంది, తాత నేర్పిన పాత స్కాట్లాండ్ పాట పాడుతుంటుంది. చివరికి ఆ ఊరు పాడవకూడదని అందరికన్నా ఎక్కువ తపించిపోయేది ఆ యాకుజాయే, ఆ తపనలోనే వాడు తుపాకీ కూడా తీస్తాడు. హింస ఎక్కడినుంచి పుడుతుందో ‘ఇచి’ కన్నా ఇందులోనే ఎక్కువ అర్థమవుతుంది నాకు. ‘ఇచి’ పోస్టర్ చూసి ఈయన్ని పక్కన పెట్టేసినవాళ్లు ఇంకా ఉంటే, దయచేసి ఇక్కడినుంచి మొదలుపెట్టండి, ‘ఆడిషన్’ తర్వాతైనా చూడొచ్చు.