పాత నాస్‌ను ఉంచాలా, మార్చాలా? అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నాస్ పెట్టెలు బిగించడం, అవి మొరాయిస్తే వెళ్లి చూడడం నా పని. నాస్ అంటే హార్డ్ డిస్కులు పెట్టి రౌటర్‌కు తగిలించే చిన్న పెట్టె, ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లన్నీ అందులో ఫైళ్లు దాచుకోవచ్చు. 2021 జూన్‌లో గూగుల్ ఫొటోస్ ఉచితంగా ఎన్నైనా దాచుకోనివ్వడం ఆపేశాక చాలా ఇళ్లకు ఇవి చేరాయి. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు అన్నీ వాటిలోనే. అంతకు ముందే కొన్నవాళ్ల దగ్గర పదేళ్లు దాటినవీ ఉన్నాయి. "అన్నా, దీనికే ఇంకా డబ్బులు పెట్టాలా, కొత్తది తీసుకోవాలా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

నేను ముందు పెట్టెను, డిస్కులను విడదీసి చూస్తాను. రెండూ ఒకే రోజు కొన్నా ఒకే రోజు పాతబడవు. డిస్కులు ఎలాగూ అరిగేవే, మార్చుకుంటూ పోవచ్చు. పెట్టెకు ఆయువు తీరేది కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున. జనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. స్లో అయిందని మంచి పెట్టెను మార్చేస్తారు, అప్‌డేట్లు ఆగినదాన్ని బాగానే నడుస్తోంది కదా అని ఉంచుకుంటారు.

అపోహ: స్లో అయింది, అంటే ముసలిదైపోయింది

ముందు ఒక పెద్ద ఫైలు కాపీ చేసి స్పీడ్ చూడండి. సెకనుకు 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోందా? అయితే అనుమానించాల్సింది వైరును. అది సెకనుకు 100 మెగాబిట్ల (100 ఎంబీపీఎస్) లింకు స్పీడ్. ల్యాన్ వైరులో 8 తీగలుంటాయి, దానికి పది రెట్లున్న గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాళ్లు చాలాచోట్ల 4 తీగలే క్రింప్ చేసి వెళ్లిపోతారు, ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కొన్ని రౌటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. నాస్‌ను ఆ ఒక్క పోర్టుకు మార్చగానే స్పీడ్ పది రెట్లు పెరిగిన ఇళ్లు చాలానే చూశాను. ఖర్చేమీ లేదు.

సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంటే గిగాబిట్ ఇవ్వగలిగింది అంతే. ఈ రోజుల్లో ఒక్క హార్డ్ డిస్కే పెద్ద ఫైళ్లు 150 ఎంబీకి పైగా చదువుతుంది. అంటే అడ్డుగా ఉన్నది నెట్‌వర్కే. మళ్లీ గిగాబిట్ పోర్టున్న కొత్త నాస్ కొంటే ఆ 110 దగ్గరే ఆగుతారు. 2.5 గిగాబిట్ కావాలంటే నాస్ ఒక్కటే చాలదు, స్విచ్, కంప్యూటర్ పోర్టు కూడా ఆ స్థాయివి ఉండాలి. ఫోన్‌లో వైఫై మీద చూసేవాళ్లకు ఇదంతా అనవసరం.

స్పీడ్ ఒకసారి బాగుండి, ఒకసారి పూర్తిగా పడిపోతుంటే మాత్రం సంగతి వేరు. ఏదో ఒక డిస్కు చదవలేని చోటును మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండొచ్చు. ముందు బ్యాకప్ తీయండి, మిగతావి తర్వాత.

అపోహ: ర్యామ్ పెంచి, ఎస్సెస్డీ క్యాష్ వేస్తే కొత్తదానిలా పరుగెడుతుంది

ఎస్సెస్డీ క్యాష్ అంటే తరచూ వాడే డేటాను వేగమైన ఎస్సెస్డీలో ఉంచుకోవడం. ఫొటోలు దాచుకుని, సినిమాలు చూసుకునే ఇంటికి రెండూ అక్కర్లేదు. డాకర్ (అదనపు ప్రోగ్రాములు నడిపే సాధనం), ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే యాప్‌ల వంటివి నడుపుతూ ర్యామ్ నిండిపోతుంటే దాన్ని పెంచండి. చవక మోడళ్లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, పెంచే వీలే లేదు.

అపోహ: ఆన్ అవడం లేదు, పెట్టెతోపాటు ఫొటోలూ పోయాయి

ఎక్కువసార్లు పోయేది పవర్ అడాప్టర్. ఎండాకాలం లో-వోల్టేజీ, వానాకాలం ఉరుములు, రెండు దెబ్బలూ ముందు దానికే తగులుతాయి. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పిన్ ఉన్న అడాప్టర్‌తో పరీక్షించాకే పెట్టె పోయిందో లేదో తేల్చాలి.

అడాప్టర్ బాగానే ఉన్నా లేవకపోతే బోర్డు పోయినట్టే. ఒక తరం పెట్టెల్లో దీనికి ప్రత్యేకమైన కారణమే ఉంది. ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్‌లో కొంతకాలానికి క్లాక్ సిగ్నల్ ఆగిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. సినాలజీ కంపెనీ నాస్‌లు డీఎస్1515 ప్లస్, డీఎస్1815 ప్లస్ లాంటివి ఆ చిప్‌తో వచ్చినవే. బోర్డు మీద ఒక చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసి వాటిని లేపే మెకానిక్‌లు ఉన్నారు. అలా లేచిన పెట్టెను డేటా బయటికి తీసుకోవడానికి వాడండి, దాని మీద మరో ఐదేళ్లు ఆధారపడొద్దు.

బోర్డు పోయినా డేటా డిస్కుల్లోనే ఉంటుంది. సినాలజీ నుంచి సినాలజీకైతే, కొత్త మోడల్ ఒప్పుకునేదైతే, డిస్కులు అదే వరుసలో పెడితే చాలావరకు వాల్యూమ్ (డేటా ఉండే భాగం) అలాగే లేస్తుంది. ఈ పెట్టెల లోపల నడిచేది లినక్సే కాబట్టి సినాలజీ డిస్కులను ఉబుంటు ఉన్న కంప్యూటర్‌కు తగిలించి కూడా చదవొచ్చు, ఆ పద్ధతిని కంపెనీయే చెబుతుంది. కంపెనీ మారితే మాత్రం జాగ్రత్త. ఒకరి డిస్కులు ఇంకొకరి పెట్టెలో పెడితే "ఇనిషియలైజ్ చేయమంటారా" అని అడుగుతుంది. సరే అన్నారంటే మొత్తం తుడిచేస్తుంది. డిస్కులు బయటికి తీసేముందు వాటి మీద మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాసుకోండి.

అపోహ: బాగానే నడుస్తోంది, ఎందుకు మార్చడం?

నేను గట్టిగా వాదించేది దీని మీదే.

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే నెట్‌వర్క్ డ్రైవ్ వాడుతున్నవాళ్లు చాలా దేశాల్లో ఒక ఉదయం లేచి చూస్తే డ్రైవ్ ఖాళీగా ఉంది. ఎవరో ఇంటర్నెట్ ద్వారా చొరబడి వాటిని ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. ఆ పెట్టెలకు 2015 తర్వాత అప్‌డేట్ రాలేదు. అంతకు ముందురోజు దాకా అవన్నీ బాగానే నడిచాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ క్యూనాప్ నాస్‌ల మీద పడి, ఫైళ్లకు తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. చిక్కుకున్నవి ఇంటర్నెట్ నుంచి నేరుగా కనబడేలా వదిలేసిన పెట్టెలు.

మన ఇళ్లలో ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో చెబుతాను. అమెరికాలో ఉన్న పిల్లలు ఇంటి ఫొటోలు చూడాలంటారు. ఎవరో రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నాస్‌కు నేరుగా దారి, పెట్టి వెళ్తారు, లేదా రౌటర్‌లోని యూపీఎన్‌పీ అనే సౌకర్యం ఆ దారిని దానంతటదే తెరిచేస్తుంది. ఆ తర్వాత ఆ సంగతే ఎవరికీ గుర్తుండదు. ముందు ఈ రెండూ ఆపండి. పిల్లలకు చూపించాలంటే రౌటర్‌లోనే వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోవచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. కంప్యూటర్, నాస్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే భాషను ఎస్ఎంబీ అంటారు. బాగా పాత నాస్‌లు దాని మొదటి వెర్షన్‌లోనే మాట్లాడతాయి. 2017 చివర నుంచి వచ్చిన విండోస్ 10లో అది మామూలుగా ఉండదు, కాబట్టి నాస్ కనబడదు. అప్పుడు "విండోస్‌లో ఈ టిక్ పెట్టండి, వచ్చేస్తుంది" అని ఒకరు సలహా ఇస్తారు. నిజంగానే వచ్చేస్తుంది. కానీ 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ పాత ఎస్ఎంబీలోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఒక్క పాత పెట్టె కోసం ఇంట్లోని కంప్యూటర్లన్నిటినీ ఆ ప్రమాదంలో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

మీ మోడల్‌కు అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో కంపెనీ సైటులో చూడండి. సినాలజీ పెట్టెల్లో నడిచే డీఎస్ఎం అనే సాఫ్ట్‌వేర్ 6.2 వెర్షన్‌కు మద్దతు 2024 అక్టోబర్‌తో ముగిసింది, అంతకు మించి పైకి వెళ్లలేని పెట్టె మీదైతే కొత్తది చూసుకోవాల్సిందే. ఇంకో రెండు మూడేళ్లు అప్‌డేట్లు వచ్చేలా ఉంటే నిశ్చింతగా డిస్కులకు డబ్బు పెట్టండి. రేపు పెట్టె మార్చినా ఆ డిస్కులు దాదాపు ఎందులోనైనా పనికొస్తాయి.

అపోహ: స్మార్ట్ రిపోర్టు ఆకుపచ్చగా ఉంది, డిస్కులు క్షేమం

స్మార్ట్ అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే రిపోర్టు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటి కూడా ముందుగా కనబడలేదు. కాబట్టి ఎరుపు కనబడితే నమ్మండి, ఆకుపచ్చను మాత్రం పూర్తిగా నమ్మకండి. రీఅలొకేటెడ్ (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ (చదవడం అనుమానమైనవి) సెక్టార్ల లెక్క వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కు మార్చాల్సిందే. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా వచ్చే దారిలో తప్పులు) మాత్రమే పెరుగుతుంటే డిస్కును నిందించే ముందు కేబుల్, స్లాట్ చూడండి.

పవర్-ఆన్ గంటలు కూడా చూడండి. ఏడాదంతా ఆన్‌లో ఉంటే 8,760 గంటలు. 45,000 దాటిన డిస్కు నడవొచ్చు, కానీ దాన్ని నమ్మి రీబిల్డ్ (మార్చిన డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) మొదలుపెట్టడం నాకైతే టెన్షనే.

అపోహ: నిండిపోయింది, కాబట్టి పెద్ద పెట్టె కొనాలి

రెండు బేల (డిస్కు గూళ్ల) పెట్టెలో 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో, అంటే రెంటిలోనూ ఒకే డేటా ఉండేలా, ఉన్నాయనుకోండి. ఒకటి తీసి 8 టీబీది పెట్టి, రీబిల్డ్ పూర్తయ్యాక రెండోదీ అలాగే మార్చి, వాల్యూమ్ పెంచుకుంటే అదే పెట్టెలో స్థలం రెట్టింపు. కాకపోతే ముందు కొన్ని చూసుకోవాలి. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న పాత సినాలజీల్లో ఒక్కో వాల్యూమ్ 16 టీబీ దాటదు. కొనే డిస్కు ఎస్ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా కనుక్కోవాలి. ఎస్ఎంఆర్‌లో డేటా ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుంటాయి. ఒకదాన్ని తిరగరాయాలంటే పక్కవాటినీ కదపాలి. అందుకే ఎస్ఎంఆర్ డిస్కులు రీబిల్డ్‌లో చతికిలబడతాయి. సీఎంఆర్‌లో ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి రావు. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ పేరుతో వేరు చేశారు.

చవకగా దొరికే 'కొత్త' డిస్కుల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. 2025 మొదట్లో జర్మనీలో, ఏళ్ల తరబడి వాడిన సీగేట్ డిస్కులను గంటల లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటికొచ్చింది. సీగేట్ డిస్కుల్లో వాడకం లెక్కలు రాసుకునే ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది, దొంగతనం దొరికింది దాన్నిబట్టే.

రీబిల్డ్ ఎంతసేపు? సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా 8 టీబీ డిస్కు నిండడానికి దాదాపు 15 గంటలు. ఆ సమయమంతా రెండు డిస్కుల మిర్రర్‌లో మీ డేటా ఒక్క డిస్కు మీదే ఉంటుంది, అదీ పాతది. మిర్రర్ లాంటి ఏర్పాట్లనే రెయిడ్ అంటారు. "రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ దేనికి" అనేవాళ్లకు ఈ 15 గంటల గురించి చెబుతాను. బయటి డ్రైవ్‌లో ఒక కాపీ లేకుండా నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోను.

కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందంటారు. దానిమీద స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే మారే ఆ క్షణంలో నాస్ రీస్టార్ట్ కావచ్చు. బ్యాటరీ అయిపోతోందని నాస్‌కు చెప్పే దారి కూడా మామూలు ఇన్వర్టర్‌కు ఉండదు. యూఎస్‌బీ వైరుతో నాస్‌కు కలిసే చిన్న యూపీఎస్ అయితే నాస్ తనంతట తానే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది.

అపోహ: కొత్త మోడల్ అన్నిట్లోనూ మెరుగు

సినాలజీ డీఎస్920 ప్లస్‌లో వీడియో మార్పిడికి పనికొచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంది. దాని తర్వాత వచ్చిన డీఎస్923 ప్లస్ రైజెన్ చిప్‌లో అది లేదు. ప్లెక్స్ అనే వీడియో యాప్‌లో సినిమాలు చూసే ఇంటికి పాతదే మేలు. 2024లో వచ్చిన డీఎస్ఎం 7.2.2లో వీడియో స్టేషన్ అనే తమ వీడియో యాప్‌నే తీసేశారు. 2025 ప్లస్ మోడళ్లలో మొదట తమ సొంత బ్రాండ్ డిస్కులే వాడాలని మెలిక పెట్టారు, జనం గోల పెట్టాక అదే ఏడాది అక్టోబర్‌లో డీఎస్ఎం 7.3తో హార్డ్ డిస్కుల విషయంలో వెనక్కి తగ్గారు. కొనేముందు మీరు వాడే యాప్ కొత్తదాంట్లో ఉందో లేదో, మీ దగ్గరున్న డిస్కులు ఒప్పుకుంటుందో లేదో చూడండి. కరెంటు బిల్లు తగ్గుతుందని మార్చడం కూడా దండగే. 20 వాట్లు లాగే రెండు బేల పెట్టె నెలంతా ఆన్‌లో ఉన్నా 14, 15 యూనిట్లే కాలుస్తుంది, అందులోనూ పెద్ద వాటా డిస్కులదే.

అపోహ: కొత్తది వచ్చాక పాతదాన్ని అమ్మేయడమే

పాతది ఇంకా నడుస్తుంటే రెండో కాపీకి వాడుకోండి. రౌటర్‌లో దానికి ఇంటర్నెట్ బ్లాక్ చేసి, వారానికి ఒకరాత్రి దానంతటదే ఆన్ అయ్యి, కొత్తదాని నుంచి కాపీ తీసుకుని ఆగిపోయేలా టైమర్ పెట్టొచ్చు. ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తప్ప తెలియని పెట్టె అయితే దీనికి కూడా వద్దు.

అమ్మాలనే ఉంటే పెట్టె అమ్మండి, డిస్కులు ఉంచుకోండి. ఫైళ్లు డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా డేటా అక్కడే ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా చాలావరకు బయటికొస్తుంది. డిస్కులతో సహా ఇవ్వక తప్పకపోతే మొత్తం సున్నాలతో ఒకసారి నింపి ఇవ్వండి. 8 టీబీకి అదీ ఓ 15 గంటల పనే. సాయంత్రం మొదలుపెడితే మర్నాడు పొద్దెక్కేసరికి అయిపోతుంది.